ఇంధనం అయిపోయాక

తిట్లు నేను చదువుతాను, పొగడ్తలు అతను చదువుతాడు. మా ఇంట్లో పని అలా పంచుకున్నాం. పంచుకున్నాం అనడం కూడా మర్యాదకే. గేమ్ విడుదలైన రోజు పొద్దున్నే మా ఆయన "కాస్త ఆ మెయిళ్ళు నువ్వు చూడు, నీకు ఓపికెక్కువ కదా" అన్నాడు, అక్కడితో పంపకం అయిపోయింది. నాకు ఓపికెక్కువని పెళ్ళైన కొత్తలో ఎవరో అన్నారు. ఎవరన్నారో గానీ వాళ్ళ నోరు పడిపోను, అప్పట్నుంచి ఇంట్లో ఎవరికీ గిట్టని పనులన్నీ నా వాటాకే వస్తున్నాయి.

పొద్దున డెంటల్ క్లినిక్‌లో రిసెప్షన్ చూసుకుని మధ్యాహ్నానికి ఇంటికొస్తాను. వంటింటి గట్టు మీద ఒక పక్క బీన్స్, ఒక పక్క పాత ల్యాప్‌టాప్. ఈనెలు తీస్తూ తిట్లు చదువుతాను. "ఆకాశం నిండా గ్రహాలు పెట్టారు, గ్రహాల నిండా ఖాళీ పెట్టారు" అని ఒకరు. "సాయంత్రమంతా ప్రయాణం చేసి ఒక గ్రహం మీద దిగితే అక్కడొక రాయి ఉంది. రాయి బాగుంది. అంతేనా?" అని ఇంకొకరు. "నా ఓడ కొండలోకి దూరిపోయింది, నేను బయట మిగిలిపోయాను, ఇప్పుడేం చేయమంటారు?" అని ఏడ్చినంత పనిచేసినవాళ్ళు. "ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కిందట" అని ఒక్క సామెతతో తేల్చిపారేసినవాళ్ళు. పన్ను నొప్పితో ఫోన్ చేసేవాళ్ళతో మాట్లాడీ మాట్లాడీ నాకిది అలవాటే. ముందు "అయ్యో" అనాలి, తర్వాత "చూస్తున్నాం" అనాలి. ఓడ పోయినా పన్ను పోయినా మనిషికి కావాల్సింది ఆ రెండు మాటలే.

వాళ్ళ కోపంలో తప్పు లేదు. పెద్ద కంపెనీలు వందలమందిని కూర్చోబెట్టి చేసే పనిని మా ఆయన, అతని స్నేహితులిద్దరూ కలిసి మా ముందుగదిలో చేశారు. అంతరిక్షమంతా మీదే, ఓడ వేసుకుని ఎక్కడికైనా పోవచ్చు, వర్తకుడి వేషం కట్టొచ్చు, దొంగ వేషం కట్టొచ్చు, వైద్యుడి వేషం కట్టొచ్చు అని ఊరించారు. ఏడేళ్ళు పట్టింది. ఆ ఏడేళ్ళలో ఎక్కువకాలం ముందుగదిలోకి టీ వెళ్ళేది, ఖాళీ కప్పులు వెనక్కి వచ్చేవి. కప్పులకి కాళ్ళున్నాయని వాళ్ళు ముగ్గురూ నమ్మేవాళ్ళనుకుంటాను.

పొగడ్తలు లేకపోలేదు. అయితే అవన్నీ ఒక్క మనిషికే, ఓడ గొంతుకి. "కెప్టెన్, బయట చలి ఎక్కువగా ఉంది, కోటు వేసుకోండి", "కెప్టెన్, మీరు నిద్రపోయి చాలాసేపైంది" అంటూ ఆట మొత్తం పక్కనే ఉండే ఆ గొంతు ఒక డబ్బింగ్ చెప్పే అమ్మాయిది. నేను ఆమెను గొంతమ్మాయి అంటాను, మనసులో. "గ్రహాలన్నీ తీసేసి ఆ గొంతు ఒక్కటి ఉంచినా డబ్బులిస్తాను" అని ఎవరో రాశారు. మా ఆయన దాన్ని భోజనాల దగ్గర పైకి చదివాడు. చదివి, "నిజంగా ఏం చెప్పిందోయ్ ఆ అమ్మాయి! ప్రాణం పోసింది" అన్నాడు. నేను కూర గిన్నె కాస్త గట్టిగానే కింద పెట్టాను. "చెయ్యి జారిందా?" అన్నాడు. జారిందన్నాను.

దీనికి మర్యాదైన పేరు వెతకను. కుళ్ళు. ఆ అమ్మాయి మీద నాకు కుళ్ళు. ఇంట్లో గ్లాసులు ఏ అరలో ఉంటాయో ఇన్నేళ్ళుగా తెలియని మనిషి, ఆమె గొంతుకి గోరువెచ్చటి నీళ్ళే పడతాయని బజారుకి పోయి ఫ్లాస్కు కొనుక్కొచ్చాడు. రికార్డింగ్ జరిగిన నాలుగు రోజులూ ఆ ఫ్లాస్కు పట్టుకుని స్టూడియోకి వెళ్ళాడు. అందులో నీళ్ళు కాచి పోసింది నేనే. మరీ మరిగితే "గోరువెచ్చగా అన్నాను కదా" అని వెనక్కిచ్చాడు. ఒకరోజు నాకు జ్వరమొచ్చి గొంతు పూడుకుపోతే "ఫ్లాస్కు ఉంది కదా, వాడుకో" అన్నాడు. వాడుకోలేదు. పంతం.

అంతకంటే లోపల ఇంకో ముల్లుంది. గొంతమ్మాయి నోటివెంట వచ్చే ప్రతి మాటా ముందు నా నోటివెంట వచ్చిందే.

అది మేము ఒక్క గది, ఒక వంటిల్లు ఉన్న ఇంట్లో ఉన్నప్పటి సంగతి. గేమ్ అప్పుడప్పుడే మొదలైంది. ఓడ మాట్లాడాలి, మాట్లాడటానికి మనిషి లేదు. "అసలు మనిషిని తెచ్చుకునేదాకా నువ్వు చెప్పు, టెంపరరీగా" అన్నాడు. సెలవు రోజుల్లో మధ్యాహ్నాలు మైకుకి పాత మేజోడు తొడిగి గరిటెలు తగిలించే కొక్కేనికి వేలాడదీసేవాడు. నేను గిన్నెలు తోముతూ చెప్పేదాన్ని. అతను వంటింటి గుమ్మంలో చతికిలబడి, చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, మోకాళ్ళ మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని నా వంకే చూస్తూ ఉండేవాడు. ఏం చెప్పినా నవ్వేవాడు. "మళ్ళీ చెప్పు, మళ్ళీ చెప్పు" అనేవాడు. నాకు చాలా సంతోషంగా ఉండేది. ఇంతకంటే దానికి వివరం లేదు, సంతోషంగా ఉండేది.

తర్వాత ఇల్లు మారాం, అతను గుమ్మంలోంచి లేచి ముందుగదిలోకి మారాడు, చివరికి గొంతమ్మాయి వచ్చింది. నా మాటలు ఒక్కొక్కటే తీసేసి వాటి స్థానంలో ఆమెవి పెట్టారు. ఆ పని పూర్తయిన సాయంత్రం "నీవన్నీ తీసేశాం. ఇప్పుడు క్లీన్‌గా ఉంది" అన్నాడు. ఇల్లు తుడిచినవాడి తృప్తి ఉంది ఆ మొహంలో.

విడుదలయ్యాక ఒక చానెల్ వాళ్ళు వీడియో కాల్‌లో మాట్లాడారు. "ఏడేళ్ళంటే మాటలు కాదు, మీ ఆవిడ ఏమీ అనలేదా?" అని అడిగారు. నేను పక్కగదిలో బట్టలు మడతపెడుతున్నాను. "తనకి గేమ్స్ అంటే పడదండీ. కానీ ఎప్పుడూ అడ్డు చెప్పలేదు" అన్నాడు. అందరూ నవ్వారు. అడ్డు చెప్పలేదట. కుర్చీ కూడా చెప్పలేదు మరి, దానికీ ఓ మాట చెప్పాల్సింది.

ఇలా ఉండగా ఒకరోజు తోకచుక్క అనే పేరుతో ఆడే మనిషి దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. ఆడో మగో తెలీదు. "ఇది తప్పో కాదో అర్థం కాక రాస్తున్నాను" అని మొదలైంది. మ్యాపులో ఉన్న చివరి నక్షత్రం కూడా దాటి, ఏమీ లేని చోటికి ఓడని తోలుకుంటూ పోయారట, ఊరికే, ఎంతదూరం పోనిస్తారో చూద్దామని. మధ్యలో ఇంధనం అయిపోయింది. 'ఓడ నాశనమైంది' అనే మాట తెర మీదికి వస్తుందని చూస్తూ కూర్చుంటే అది రాలేదట. చాలాసేపు చీకటి. అప్పుడు ఒకావిడ మాట్లాడిందట. "ఓడ గొంతు కాదు. ఎవరో ఇంట్లో ఉండే ఆవిడ. నేను మూడుసార్లు ఇంధనం తగలేసుకుని మళ్ళీ విన్నాను. ఈవిడ ఎవరు?" అని అడిగి, రికార్డు చేసిన ముక్క జతపరిచారు.

ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని నొక్కాను. ముందు వినపడింది మగవాడి నవ్వు. దూరంగా, సన్నగా. మా ఆయన నవ్వు. నేను విని ఎన్నేళ్ళైందో కూడా గుర్తులేని నవ్వు. దాని మీద ఒక ఆడగొంతు, తనూ నవ్వుతూ, "ఉండు, నన్ను చెప్పనీ" అంది. ఎవత్తిది, అనుకున్నాను. నిజమే చెబుతున్నాను, సరిగ్గా ఆ మాటే అనుకున్నాను. చేతిలో బీన్స్ చేతిలోనే ఉండిపోయాయి. ఇంత దగ్గరగా, ఇంత చనువుగా అతన్ని నవ్విస్తున్నది ఎవరు? ఎప్పుడు? నాకు తెలియకుండా ఎక్కడ?

అప్పుడు వెనకాల కుళాయి ఈల వేసింది. ఆ పాత ఇంట్లో కుళాయి తిప్పితే ముందు సన్నగా ఈల వేసి, తర్వాత నీళ్ళు పోసేది. ఆ ఇల్లు తప్ప ఇంకెక్కడా అలా ఈల వేసే కుళాయి నేను చూడలేదు.

"ఎక్కడున్నావ్?" అంటోంది ఆ గొంతు. "దారి తప్పావా? తప్పితే తప్పావులే, కంగారుపడకు. నేను పడుకోలేదు. నిదానంగా రా. అన్నం చల్లారిపోయినా మళ్ళీ వేడి చేస్తాను, అదేమంత పని? ఎంత దూరం పోయినా వెనక్కి తిరిగితే ఇటువైపే కదా." గిన్నె మీద గిన్నె పడ్డ చప్పుడు. నవ్వు. "మళ్ళీ చెప్పు" అంటున్నాడు అతను.

గుర్తొచ్చింది. దారి తప్పి ఇంధనం అయిపోయినవాడితో ఓడ ఏదో ఒకటి మాట్లాడాలి, నోటికొచ్చింది చెప్పు, అన్నాడు ఆరోజు. నోటికొచ్చింది చెప్పాను. కాగితం మీద లేని మాటలు గొంతమ్మాయికి ఎలా ఇస్తారు? అంత దూరం ఎవరూ పోరన్న ధీమాతో మళ్ళీ అటు చూసినవాళ్ళు లేరు. అన్నిచోట్లా తుడిచేసిన నేను, ఏమీ లేని చోట మాత్రం మిగిలిపోయాను.

మా ఆయనకి చూపిస్తే తల పట్టుకున్నాడు. "అయ్యయ్యో, ఆ ఫోల్డర్ మర్చిపోయాం. గిన్నెల చప్పుడు కూడా వినపడుతోంది, పరువు పోతుంది. వచ్చే అప్‌డేట్‌లో తీసేస్తా."

"బాగుందంటున్నారుగా" అన్నాను.

"ఒకళ్ళు అంటే అయిపోయిందా?"

ఒకళ్ళతో ఆగలేదు. తోకచుక్క ఆ ముక్కని నలుగురికీ వినిపించినట్టున్నారు. వారం తిరిగేసరికి జనం గ్రహాలూ వర్తకాలూ యుద్ధాలూ మానేసి, బుద్ధిగా వరసకట్టి ఏమీ లేని చోటికి పోయి ఇంధనం అయిపోగొట్టుకోవడం మొదలుపెట్టారు. ఆమెకు 'అవతలావిడ' అని పేరు పెట్టారు. కెప్టెన్ చనిపోయిన తల్లి అని కొందరు, ఓడని పూర్వం నడిపినవాడి ప్రేయసి అని కొందరు, మనుషులందరూ పోయాక మిగిలిన యంత్రం అని కొందరు. ఒకామె గిన్నెలు తోముకుంటూ మొగుడితో మాట్లాడుతోందన్న ఊహ మాత్రం ఒక్కరికీ రాలేదు.

వింతేమిటంటే, ఖాళీ అని తిట్టినవాళ్ళే ఖాళీని మెచ్చుకోవడం మొదలుపెట్టారు. "అంత శూన్యం ఎందుకు పెట్టారో ఇప్పుడర్థమైంది. అంత ఒంటరిగా పోకపోతే ఆ మాట అలా తగిలేది కాదు" అని ఒకాయన తన పాత రివ్యూ చెరిపేసి కొత్తది రాశాడు. మా ఆయన దాన్ని స్నేహితులకి రెండుసార్లు చదివి వినిపించాడు. తీసేస్తానన్న మాట మళ్ళీ ఎత్తలేదు. తర్వాతి వీడియో కాల్‌లో "అది కావాలనే పెట్టిందేనండీ. ఆవిడెవరో మాత్రం చెప్పం, అది మా గుట్టు" అన్నాడు. గుట్టు పక్కగదిలో దుప్పటి దులుపుతోంది.

నేను సంతోషించాలి కదా. సంతోషించాను, ఒక్కరోజు. మర్నాడు మధ్యాహ్నం అత్తయ్య ముందుగదిలో కొడుకు ఫోన్‌లో ఆ ముక్క వింటున్నారు. విని, కళ్ళు తుడుచుకుని, నేను టీ తీసుకెళ్తే "ఎవరే ఆ పిల్ల?" అని అడిగారు. "ఎంత ఆప్యాయంగా మాట్లాడుతోంది! నువ్వూ ఉన్నావు, ఏదడిగినా కసురుకున్నట్టే ఉంటుంది. కాస్త అట్లా మాట్లాడితే నీ సొమ్మేం పోయిందే అమ్మాయ్?"

"నాకు రాదత్తయ్యా" అన్నాను. మా ఆయన ల్యాప్‌టాప్‌లోంచి తలెత్తలేదు. విన్నాడు, నాకు తెలుసు. భుజం కదిలింది.

ఆ రోజునుంచి గొంతమ్మాయి మీద ఉన్న కుళ్ళు మొత్తం మూటగట్టుకుని అవతలావిడ మీదికి పోయింది. నవ్వితే నవ్వండి, నాకు నేనే సవతినయ్యాను. ఆవిడ చూడబోతే ఏ పనీ చేస్తున్నట్టే ఉండదు. గిన్నెలు తోముతున్నా ఆడుకుంటున్నట్టే ఉంటుంది. అన్నం మళ్ళీ వేడి చేస్తుందట, అదేమంత పని కాదట. తనకేం తెలుసు? ఎన్ని వందలసార్లు వేడి చేయాలో తెలిస్తే ఆ మాట అనేదా? మొగుడు గుమ్మంలో కూర్చుని తన వంకే చూస్తున్నాడు. చూసే మనిషి ఉంటే ఎవరి గొంతైనా అలాగే ఉంటుంది. ఆవిణ్ణి వినడానికి ప్రపంచం ఇంధనం తగలబెట్టుకుంటోంది, ఆవిడ కోసం తిరిగిన మనుషులు రాసిన ఉత్తరాలకి "అయ్యో, చూస్తున్నాం" అని జవాబులు రాస్తున్నది నేను.

క్లినిక్‌లో డాక్టరుగారు ఒకరోజు పిలిచి "ఫోన్లో కాస్త నవ్వుతూ మాట్లాడమ్మా, పేషెంట్లు భయపడుతున్నారు" అన్నారు. సరేనన్నాను. ఇంటికొచ్చి స్నానాల గదిలో తలుపు వేసుకుని అద్దంలో చూసుకుంటూ "ఎక్కడున్నావ్?" అన్నాను. బాకీ వసూలుకి వచ్చినవాడు అడిగినట్టు ఉంది. మెత్తగా అన్నాను. జబ్బు మనిషి అడిగినట్టు ఉంది. ఇంకోసారి, ఇంకోసారి. బయట్నుంచి అత్తయ్య "ఎవరితోనే మాట్లాడుతున్నావు?" అన్నారు. ఎవరితోనూ కాదత్తయ్యా అన్నాను.

అసలు గొడవ తర్వాత వచ్చింది. ఆడేవాళ్ళు అవతలావిడ ఇంకా మాట్లాడాలని పట్టుబట్టారు. మా ఆయన ఒక మధ్యాహ్నం వంటింట్లోకి వచ్చాడు. పని ఉంటే తప్ప రాడు కాబట్టి స్టవ్ కట్టేసి చేతులు తుడుచుకున్నాను. "ఇంట్లోనే ఉన్నావుగా, ఓ పది నిమిషాలు రా. కొత్త మాటలు రాశాను" అన్నాడు. పక్కన సామాన్ల గదిలో గోడలకి దుప్పట్లు కట్టి మైకు పెట్టాడు. పరుగున వెళ్ళి తల దువ్వుకున్నాను. మైకుకి తలెందుకు కనబడుతుందో నన్నడక్కండి.

"తిన్నావా? నీకోసమే చూస్తున్నాను" అని కాగితంలో ఉంది. చదివాను.

"అప్పట్లాగా చెప్పు" అన్నాడు.

మళ్ళీ చెప్పాను. తెర మీద కదిలే గీతల వంక చూస్తున్నాడు, తల అడ్డంగా ఊపుతున్నాడు. "అలా కాదు. అప్పుడు ఎలా చెప్పావు? హాయిగా, బరువు లేకుండా. కాస్త అభినయించు." అభినయించాను. "ఇప్పుడు మరీ నాటకంలా ఉంది." చాలాసేపు అయింది. చివరికి హెడ్‌ఫోన్స్ తీసేసి పెద్ద నిట్టూర్పు విడిచాడు. "పోనీలే, నీ తప్పు కాదు. వయసుతోపాటు గొంతు మారుతుంది. ఆ అమ్మాయిని పిలుస్తాను. ఎవరి గొంతునైనా దింపేస్తుంది, ఆమెకి అది వెన్నతో పెట్టిన విద్య."

నా గొంతు నాకు రాలేదు కాబట్టి నా గొంతును ఇంకొకామె తెస్తుంది. ఆ రోజు కూర మాడిపోయింది. ఎవరూ ఏమీ అనలేదు, అత్తయ్య తప్ప.

గొంతమ్మాయి మూడోనాటి మధ్యాహ్నం వచ్చింది. నేను ఊహించుకున్న మనిషి పొడుగ్గా, మెరుస్తూ, చెయ్యి ఊపితే గదంతా తనవైపు తిరిగేలా ఉండేది. గేటు తీసుకుని వస్తున్నది పొట్టి పిల్ల. మెడకి మఫ్లర్ చుట్టుకుని, ముక్కు ఎర్రగా చేసుకుని, సంచీ ఈడ్చుకుంటూ వస్తోంది. మా గుమ్మం ముందు మెట్టు ఒకటి పగిలింది. "చూసుకోండి, నిదానంగా రండి" అని లోపల్నుంచి అన్నాను.

ఆమె మెట్టు మీదే ఆగిపోయింది. "ఇంకోసారి అనండి" అంది.

"ఏమిటి?"

"మీరేనా!" అని గబగబా లోపలికొచ్చి నా మొహంలోకి చూసింది. "అమ్మో, మీరే అక్కా. నాలుగు రోజులు నా చెవుల్లో ఉన్నారు మీరు. ఎలా మర్చిపోతాను?"

కూర్చోబెట్టాను. గోరువెచ్చటి నీళ్ళు ఇవ్వబోతే "అవన్నీ పెద్ద పెద్ద స్టూడియోల్లో చూపించుకోవడానికి లెండి, ఉంటే వేడివేడి టీ ఇవ్వండి" అంది. "పొద్దున్నుంచీ షాంపూ ప్రకటన కోసం మెత్తగా, మెత్తగా అని చెప్పీ చెప్పీ గొంతు గరుకైపోయింది." నాకు నవ్వొచ్చింది. నవ్వకూడదనుకుంటూనే నవ్వాను.

టీ తాగుతూ చెప్పింది. రికార్డింగ్‌లో మొదటి రోజు తను తన పద్ధతిలో చెప్పబోతే మా ఆయన వద్దన్నాడట. పాత గొంతు వినిపించి "ఇదిగో, సరిగ్గా ఈవిడ చెప్పినట్టు చెప్పండి" అన్నాడట. ప్రతి మాటకీ ముందు నేను, వెనక తను. "ఎంత చెప్పినా ఆయన మొహంలో ఇంకా ఏదో తక్కువైనట్టే ఉండేది. మిమ్మల్ని ఎన్ని తిట్లు తిట్టుకున్నానో తెలుసా? నాకు పేరొచ్చిందంటున్నారు కదా, నాకు లోపల తెలుసు అక్కా, అది నా చెప్పడం కాదు. కుళ్ళుకుని చచ్చాను. ఎవరో పేరున్న నటి అనుకున్నాను. ఎవరండీ ఈవిడ అని అడిగాను కూడా."

"ఏమన్నాడు?"

ఆమె కప్పు వంక చూసింది. "ఎవరూ కాదు, టెంపరరీ అన్నారు."

నేను ఆ కప్పు అందుకుని కడగడానికి లేచాను. కడుగుతూ నిలబడ్డాను. గొంతమ్మాయి వెనకే వచ్చి గట్టుకి ఆనుకుంది. చెప్పరానిది చెప్పానన్న బాధ ఆ మొహంలో ఉంది. "ఇవాళ నన్ను ఎందుకు పిలిచారో నాకు ఇక్కడికి వచ్చాకే అర్థమైంది" అంది. "డబ్బింగ్‌లో దొరకనివాళ్ళకీ పోయినవాళ్ళకీ బదులుగా చెబుతాం గానీ, పక్కనే కప్పులు కడుగుతున్న మనిషికి బదులుగా చెప్పడం నావల్ల కాదు. మీరు ఊఁ అంటేనే చెబుతాను, లేకపోతే బస్సెక్కుతాను."

ఇంతకాలం ఈ పిల్ల మీదా నేను పళ్ళు నూరింది? సిగ్గేసింది. కాస్త గర్వంగా కూడా ఉంది, దాచుకోవడం ఎందుకు. నన్ను చూసి కుళ్ళుకున్న మనిషి కూడా లోకంలో ఒకామె ఉంది.

మా ఆయన సామాన్ల గదిలోంచి పిలిచాడు. ఇద్దరం వెళ్ళాం. మైకు సరిచేస్తూ "మొదలుపెడదామా?" అన్నాడు ఆమెతో.

"అక్క ఒప్పుకుంటేనే సార్."

"ఏ అక్క?" అన్నాడు. తర్వాత నన్ను చూశాడు.

"నేను ఒప్పుకోను" అన్నాను. "పాతవి ఉండనీ, తియ్యకు. ఆవిడెవరని ఎవరైనా అడిగితే నా పేరు చెప్పు. ఎవరూ కాదని ఇంకెప్పుడూ ఎవరితోనూ అనకు. కొత్తవి మాత్రం వద్దు. నేను చెప్పను, నా గొంతు చేసి ఇంకొకళ్ళు చెప్పడానికీ వీల్లేదు."

అతను గొంతమ్మాయి వంక చూశాడు. ఆమె దుప్పటి అంచు చూస్తోంది. "అది కాదోయ్" అన్నాడు, గొంతు తగ్గించి. "ఇన్నాళ్ళకి దీని గురించి జనం ఒక మంచి మాట అంటున్నారు. ఏడేళ్ళ చాకిరీ. నీకు తెలుసు కదా. నాలుగు మాటలకి నీకేం పోతుంది?"

"పోవడానికి నా దగ్గర ఉంటేగా? నువ్వే కదా చూశావు, రాలేదు." ఇన్ని రోజులు స్నానాల గదిలో అద్దం ముందు నాకు అందనిది, ఈ ఇరుకు గదిలో అతని ఎదురుగా నిలబడితే అందింది. "అప్పుడు నేను ఓడకి చెప్పలేదు. కెప్టెన్‌కీ చెప్పలేదు, ఆడేవాళ్ళకీ చెప్పలేదు. గుమ్మంలో కూర్చున్నావు చూడు, నీకు చెప్పాను. నువ్వు దారి తప్పితే ఏమంటానో అదే అన్నాను. ఇప్పుడు నువ్వా గుమ్మంలో లేవు. ఎవరికి చెప్పమంటావు? ఈ మేకుకి కట్టిన దుప్పటికా?"

మా ఆయన మైకు వదిలేసి ఇటు తిరిగాడు. ఏడేళ్ళలో నేను చూడని మొహం అది. కళ్ళు తడిగా ఉన్నాయి. నటన కాదు, అతనికి నటించడం రాదు. నా వంక చూశాడు. నా వంకే, తెర వంక కాదు. "సరే" అన్నాడు. "గేమ్ వద్దు, ఏమీ వద్దు. నాకు చెప్పు. ఒక్కసారి, నాకోసం."

మళ్ళీ చెప్పు, మళ్ళీ చెప్పు అని నవ్విన గొంతే అది. ఇన్నాళ్ళూ పోయిందనుకున్నది గొంతుదాకా వచ్చేసింది. హాయిగా, బరువు లేకుండా, సరిగ్గా అప్పట్లాగా. "ఎక్కడున్నావ్" అనబోయాను. పెదవులు కూడా విడిపడ్డాయి.

అప్పుడు అతని చెయ్యి కనిపించింది. వేలు రికార్డు బటన్ మీద ఉంది. పక్కన ఎర్రదీపం వెలుగుతోంది. గొంతమ్మాయి కూడా చూసినట్టుంది, మొహం పక్కకి తిప్పుకుంది.

"అది ఆపి అడుగు" అన్నాను.